గోడ మీది స్విచ్చి జోలికి పోకు

జూన్ 8, ఆదివారం

విజయనగరంలో పొద్దున పాసింజరు ఎక్కి నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటి పొందూరులో దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. స్టేషను నుంచి మా ఊరికి ఆటో. నాన్న వీధి అరుగు మీద కూర్చుని ఫోన్ అటూ ఇటూ తిప్పుతున్నారు.

"మోటారు యాప్ తెరిస్తే తెల్లగా వస్తోందమ్మా. నెల్లాళ్లయింది."

ఈ నెల్లాళ్లూ ఆయన నడిచి వెళ్లి స్టార్టరు మీద పచ్చ బటన్ నొక్కి వస్తున్నారు. స్టార్టరు ఇంటి వెనక పశువుల శాల గోడకు ఉంది. వానాకాలం అక్కడ బురద. ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఆ బురదలో నడవక్కర్లేదనే నాలుగేళ్ల కిందట వైఫై కంట్రోలర్ కొన్నాం. ఇప్పుడు అది ఎర్ర లైటు మిణుకుమిణుకుమనిపించుకుంటూ గోడకు వేలాడుతోంది. మేస్త్రీ దాన్ని తప్పించి పాత స్టార్టరుకే నేరుగా వైరు కలిపేశాడు.

కాగితం తీసుకుని ఇల్లంతా తిరిగాను. ఒక కంపెనీ స్మార్ట్ బల్బులు మూడు, ఇంకో కంపెనీ ప్లగ్గులు రెండు, వీధి గుమ్మం మీద కెమెరా, హైదరాబాదు నుంచి తమ్ముడు పంపిన మాట్లాడే స్పీకరు, నెట్‌కు కలిసే టీవీ, ఈ మోటారు పెట్టె. మొత్తం ఐదు యాప్‌లు, ఐదు ఖాతాలు. బల్బుల్లో రెండు ఏడాదిగా మామూలు బల్బులే. నాన్న గోడ స్విచ్చి ఆపేస్తారు, బల్బుకు కరెంటు పోతుంది, యాప్ "ఆఫ్‌లైన్" అంటుంది. ఆయన చేసింది తప్పేం కాదు. గది లోంచి బయటికి వస్తూ దీపం ఆపే అలవాటు అరవై ఏళ్లది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను, అన్నీ తీసేసి మళ్లీ మొదటి నుంచి కడతానని. అమ్మ పప్పు వడ్డిస్తూ ఒకే మాట అంది. "నువ్వేం పెట్టుకుంటావో పెట్టుకో. గోడ మీది స్విచ్చి జోలికి మాత్రం పోకు."

కాలేజీ ల్యాబులో పిల్లలకు ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు నేను రెండు పేజీల నిబంధనలు రాయిస్తాను. ఈ ప్రాజెక్టుకు అమ్మ మాట ఒక్కటే నిబంధన. కాగితం మీద అన్నిటికన్నా పైన రాసుకున్నాను.

జూన్ 15

ఖాతాల చిక్కు విప్పడానికి రోజంతా పట్టింది. కెమెరా ఖాతా తమ్ముడి పాత నంబరు మీద ఉంది. ఆ సిమ్ వాడు మూడేళ్ల కిందటే వదిలేశాడు. ఓటీపీ ఇప్పుడు ఎవరి ఫోన్‌కు పోతోందో దేవుడికే తెలియాలి. రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కితే కెమెరా కొత్తదానిలా లేస్తుంది కానీ, కొత్త ఖాతాలో చేర్చబోతే "ఈ పరికరం వేరొకరి పేర ఉంది" అంటుంది. పరికరాన్ని రీసెట్ చేసినా, కంపెనీ సర్వర్లో ఆ సీరియల్ నంబరుకు రాసిన యజమాని పేరు చెరగదు. దొంగతనాలకు అడ్డంగా పెట్టిన తాళం ఇది. కొన్నవాళ్లే బయట నిలబడిపోతారు.

సపోర్టు చాట్‌లో మొదట యంత్రం పలికింది, తర్వాత మనిషి. బిల్లు ఫొటో, పెట్టె మీది స్టిక్కరు ఫొటో, సీరియల్ నంబరు పంపాను. "యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి" అన్నారు. మళ్లీ అడిగితే టికెట్ నంబరు ఇచ్చారు. బిల్లు దొరకడం అమ్మ పుణ్యం. రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకం ఉండే ట్రంకు పెట్టెలో అది కూడా దాచింది.

సాయంత్రం ఇంటికి ఒక కొత్త ఈమెయిలు తెరిచాను. ఇకపై ఏ పరికరమైనా దాని పేరే. రికవరీకి నా నంబరు, నాన్న నంబరు. అన్నీ చేత్తో నోటుబుక్కులో రాసి అదే ట్రంకు పెట్టెలో పెట్టాను. నోటుబుక్కేమిటని తమ్ముడు ఫోన్‌లో నవ్వాడు. వాడి పాత నంబరు గుర్తుచేశాను. నవ్వు ఆగింది.

జూన్ 22

మోటారు పెట్టె విప్పాను. ముందు దాని సంగతి. కంపెనీ ఆ యాప్‌ను ఆపేసింది. కొత్త మోడల్‌కు కొత్త యాప్ ఉందట, పాతది అందులో చేరదట. కాల్ సెంటర్ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, "ఆ సర్వీసు లేదండీ" అని. పెట్టెలో ఒక్క భాగం పాడవలేదు. ఫోన్‌కూ పెట్టెకూ మధ్య ఎక్కడో ఉన్న సర్వరు లేదు, అంతే. నాన్న అరుగు మీద కూర్చుని నొక్కితే ఆ మాట ఏ దేశానికో పోయి తిరిగి పశువుల శాలకు వచ్చేది!

ఇది మా ఇంట్లోనే జరిగిన వింత కాదు. అమెరికాలో రివాల్వ్ అనే హబ్‌ను, అంటే ఇంట్లోని పరికరాలన్నిటినీ కలిపే డబ్బాను, దాన్ని కొనుక్కున్న గూగుల్ వారి నెస్ట్ సంస్థ 2016 మేలో ఆపేసింది. సుమారు 300 డాలర్లు పోసి కొన్న డబ్బా ఆ రోజుతో బరువుకే పనికొచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ పరికరాల కంపెనీ సర్వర్లు ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా మూగబోయాయి. చివరికి ఆ పరికరాలు వాడేవాళ్లే కొందరు కలిసి కంపెనీని కొనుక్కుని జూన్‌లో మళ్లీ నడిపించుకున్నారు. మా ఊళ్లో ఆ మోటారు పెట్టె ఉన్నది మా ఇంట్లోనే. చందా వేసుకోవడానికి కూడా తోడు లేదు.

విప్పితే లోపల ఈఎస్‌పీ8266 చిప్పు. 2014 నుంచి సందుసందులో దొరుకుతున్న చవక వైఫై చిప్పు ఇది, మా ల్యాబులో డ్రాయరు నిండా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. పాత సాఫ్ట్‌వేర్ తుడిచి మనది ఎక్కించొచ్చు.

పక్కన రిలే చూశాను, చిప్పు చెప్పినట్టు కరెంటును కలిపి తెంపే స్విచ్చి అది. పెట్టె మీద 16 ఆంపియర్లు అని గొప్పగా ఉంది. అది హీటరు లాంటి సాదా లోడుకు చెప్పే లెక్క. మాది ఒక హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్, 746 వాట్లు. నడుస్తున్నప్పుడు ఏడు ఆంపియర్ల లోపే లాగుతుంది కానీ లేచే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ దెబ్బలకు రిలే లోపలి కాంటాక్టులు నల్లగా కాలి ఉన్నాయి. ఇంకొన్నాళ్లకు అతుక్కుపోయేవే. అతుక్కుంటే యాప్‌లో ఆఫ్ నొక్కినా మోటారు ఆగదు. ఈ పెట్టె మోటారుకు పనికిరాదని ఇవాళే తేల్చేశాను. కంపెనీ సర్వరు మూసి ఒకందుకు మేలే చేసింది.

జూన్ 29

చిప్పుకు ఈఎస్‌పీహోమ్ ఎక్కించాను, ఇలాంటి చిప్పులను మన చేతిలో ఉంచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. కరెంటు తీగలన్నీ పీకేసి, యూఎస్‌బీ సీరియల్ ముక్కను 3.3 వోల్టుల మీద పెట్టి, జీపీఐఓ0 కాలును గ్రౌండుకు ఆనించి పవర్ ఇవ్వాలి. అప్పుడే చిప్పు కొత్త ప్రోగ్రాము తీసుకునే స్థితిలో లేస్తుంది. మెయిన్స్ తగిలించి ఉండగా ఈ పని చేసినవాళ్ల కంప్యూటర్లు పోయాయి, ప్రాణాలూ పోగలవు. రెండు గంటలు తల పట్టుకున్నాక తేలిందేమిటంటే పంపే కాలు టీఎక్స్‌ను టీఎక్స్‌కూ, వినే కాలు ఆర్‌ఎక్స్‌ను ఆర్‌ఎక్స్‌కూ కలిపాను. ఒకరు చెప్పేది ఇంకొకరు వినాలి కాబట్టి అవి తారుమారుగా ఉండాలి. పన్నెండేళ్లుగా పిల్లలకు నేనే చెబుతున్న పాఠం.

ఈ పెట్టె ఇక గేటు దీపానికి. దానికి గోడ స్విచ్చి ఎప్పుడూ లేదు, ఆపాలంటే ఫ్యూజు పీకేవాళ్లం. పెట్టె నెత్తిన ఒక బటన్ ఉంది కాబట్టి అమ్మ నిబంధనకు అడ్డం రాలేదు. చూరు కింద, వాన తగలనిచోట బిగించాను.

జూలై 6

1915కు ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. కంట్రోలర్ మీద ఐదేళ్ల వారంటీ అని రాసి ఉంది, నాలుగో ఏడే సర్వీసు ఆపారు. ఆన్‌లైన్లో అమ్మేవాళ్లకు 2020 నియమాలు ఒక లెక్క పెట్టాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మనం ఉండే ఊరి కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. రెండున్నర వేల పెట్టెకు అంతదూరం వెళ్తానా అంటే, వెళ్లకపోవచ్చు. ఫోన్ మాత్రం చేశాను.

జూలై 20

ఇంటికి మెదడు కావాలి. హోమ్ అసిస్టెంట్ ఎంచుకున్నాను. 2013లో పాలస్ షౌట్‌సెన్ అనే ఆయన తన ఇంటి దీపాల కోసం మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము అది. ఏ కంపెనీ పరికరమైనా వీలైనంతవరకు ఇంటి లోపలే, బయటి సర్వరు అక్కర్లేకుండా కలుపుతుంది.

ముందు రాస్‌ప్‌బెరీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు మీద పెట్టాను. బుధవారం ఊళ్లో కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చిందట. గురువారానికి ఎస్‌డీ కార్డు చచ్చింది. రాస్తూ ఉండగా కరెంటు పోతే ఆ కార్డులు తట్టుకోలేవు. తమ్ముడి పాత ల్యాప్‌టాప్ అటక మీద ఉంది. తెర పగిలింది, కీబోర్డులో సగం అక్షరాలు లేవు. బ్యాటరీ మాత్రం ఇంకా ముప్పావుగంట లాగుతోంది. అంటే యూపీఎస్ ఉచితంగా వచ్చినట్టే. మూత మూసినా నిద్రపోకుండా సెట్టింగు మార్చి, దేవుడి గది పక్క అల్మారాలో పెట్టాను. అమ్మ దాని మీద పసుపు బొట్టు పెట్టింది. గాలి ఆడే సందు మీద కాదు, చూశాను.

ఆగస్టు 3

వైఫై రోజు. దీపాల కోసం తెచ్చిన రిలే మాడ్యూళ్లు ఎంతకీ కలవడం లేదు. వీటిలో ఉండే చవక చిప్పులకు 2.4 గిగాహెర్ట్జ్ తప్ప తెలియదు. కేబుల్ నెట్ కుర్రాడు పెట్టిన కొత్త రౌటరు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టింది, నా ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో కూర్చుంది, యాప్ అక్కడి నుంచి పిలుస్తోంది. రెండు పేర్లు విడగొడితే ఐదు నిమిషాల్లో అన్నీ కలిశాయి. కస్టమర్ కేర్‌కు వెళ్లే "కనెక్ట్ అవ్వట్లేదు" ఫోన్లలో చాలావాటికి ఇదే మందు అని నా అనుమానం.

జిగ్బీ ముక్క ఇంకో తంటా పెట్టింది. జిగ్బీ అంటే బ్యాటరీ బటన్ల లాంటి చిన్న పరికరాలు వైఫై లేకుండా మాట్లాడుకునే రేడియో పద్ధతి. దాన్ని ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 3 రంధ్రంలో గుచ్చితే పక్క గదిలోని బటన్ కూడా వినపడదు. యూఎస్‌బీ 3 పోర్టు నుంచి వచ్చే గోల సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, జిగ్బీ మాట్లాడేదీ అక్కడే. ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి దూరం జరిపాను. వైఫైని 1వ ఛానల్లో, జిగ్బీని 25లో కూర్చోబెట్టాను. నూట ఇరవై రూపాయల వైరు మూడు గంటల టెన్షన్ తీర్చింది.

బల్బులు తీసేశాను. వాటి చోట స్విచ్చి బోర్డు వెనక పట్టే చిన్న రిలే మాడ్యూళ్లు. గోడ స్విచ్చి వైరు మాడ్యూలు లోపలికి వెళుతుంది. స్విచ్చి ఎటు వేసినా దీపం మారుతుంది, ఫోన్ నుంచీ మారుతుంది. నెట్ పోయినా, ల్యాప్‌టాప్ పోయినా గోడ స్విచ్చి మానదు. వీడియోల్లో అమెరికావాళ్లు స్విచ్చి పెట్టెలో న్యూట్రల్ తీగ లేదని గోల పెడుతుంటారు. మన బోర్డుల మీద స్విచ్చితోపాటు ప్లగ్గు కూడా ఉంటుంది కాబట్టి న్యూట్రల్ ఎలాగూ వచ్చి ఉంటుంది. మన పాత వైరింగును మెచ్చుకునే అవకాశం ఎప్పుడో గాని రాదు, అందుకని రాసుకున్నాను.

ఆగస్టు 17

ఇవాళే అసలు పని, మోటారు. మెయిన్స్ నేను ముట్టుకోలేదు, మా ఊరి కరెంటు మేస్త్రీ వచ్చాడు. పదో తరగతితో ఆపేసిన కుర్రాడు, చెయ్యి మాత్రం మా డిప్లొమా పిల్లలందరికన్నా చురుకు.

కాగితం మీద గీసి చూపించాను. 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టరు, అంటే పెద్ద కరెంటును తట్టుకునే లావు రిలే, మోటారు బరువు మోస్తుంది. పచ్చ బటన్ నొక్కితే కాయిల్ లాగుతుంది, దాని సొంత కాంటాక్టే దాన్ని పట్టి ఉంచుతుంది. ఎర్ర బటన్ నొక్కితే వదిలేస్తుంది. నా కొత్త ఈఎస్‌పీ బోర్డులో రెండు రిలేలు, ఒకటి పచ్చ బటన్‌కు సమాంతరంగా, ఇంకోటి ఎర్ర బటన్‌తో వరుసగా. అర సెకను తాకి వదలడమే వాటి పని. మోటారు కరెంటు వాటిలోంచి పోదు. ఇక ట్యాంకులో నీటితోపాటు తేలి పైకి లేచే ఫ్లోటు స్విచ్చి కాయిల్ దారిలోనే వరుసగా ఉంటుంది. ట్యాంకు నిండితే ఏ సాఫ్ట్‌వేర్ ఏం చెప్పినా మోటారు ఆగాల్సిందే.

మేస్త్రీ కాసేపు చూసి అన్నాడు, "అంటే నీ కంప్యూటరు ఒక మనిషి వేలు లాంటిదన్నమాట. నొక్కుతాది, అంతే." నా సర్క్యూటును ఇంత బాగా నేనూ చెప్పలేదు.

ఒక తకరారు వచ్చింది. కరెంటు పోయి వచ్చాక మోటారు తనంతట తాను లేవదు, కాంటాక్టరు వదిలేస్తుంది కదా. "ముందు లేచేది" అని నాన్న గొణిగారు. మేస్త్రీయే సర్దిచెప్పాడు, "పర్లేదు బావూ, పొలాల మోటార్లకు ఆటో స్టార్టర్లు తీసెయ్యమని లైన్‌మెన్ ఎందుకు తిరుగుతున్నాడు మరి? కరెంటు రాగానే అన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మరే పోతాది." నాన్న ఇంకేం అనలేదు.

బోర్డులోనే 40 నిమిషాల హద్దు రాశాను. వెయ్యి లీటర్ల ట్యాంకు అరగంటలో నిండుతుంది. అంతకు మించితే బోరులో నీరు లేనట్టో, పైపు పగిలినట్టో. ఈ లెక్క చిప్పులోనే నడుస్తుంది, ల్యాప్‌టాప్‌తో పనిలేదు.

ఆగస్టు 24

ట్యాంకు మూతకు, శబ్దం పంపి దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు బిగించి పదిరోజులైంది, ఫోన్‌లో నీటి మట్టం శాతాల్లో చూడాలని నా సరదా. తెల్లవారుజామున ట్యాంకు లోపల పట్టే చెమట సెన్సరు మొహాన పేరుకుంటుంది. లెక్క 90 నుంచి 12కు దూకుతుంది, మళ్లీ 90. పైగా మూతకు దగ్గరగా నీరు వస్తే ఇరవై సెంటీమీటర్ల లోపు అది చూడలేదు. అంటే నిండే సమయంలోనే గుడ్డిది.

పీకేశాను. అడుగున ఇంకో ఫ్లోటు, 280 రూపాయలు. నీరు తక్కువైతే ఫోన్‌కు కబురు. శాతాలు లేవు. "నిండింది", "అడుగంటింది", ఈ రెండు మాటలే అమ్మకు కావలసింది కూడా.

సెప్టెంబరు 7

ఇవాళ వైరు పని చేయలేదు. శుక్రవారం జరిగింది రాసుకోవాలి.

టీవీ రిమోటు పనిచేయక నాన్న ఫోన్‌లో "కస్టమర్ కేర్ నంబరు" అని వెతికారు. పైన వచ్చిన నంబరుకు చేశారు. అవతలివాడు సగం హిందీ, సగం తెలుగు. టీవీ కంపెనీ పేరు ముందే నాన్న చెప్పేశారు కాబట్టి వాడు ఆ కంపెనీవాడే అయిపోయాడు. కంప్లైంటు రాసుకోవడానికి పది రూపాయలు పంపమన్నాడు, పంపే పద్ధతి చూపించడానికి ఒక యాప్ వేసుకోమన్నాడు. అది మన ఫోన్ తెర వాడికి చూపించే యాప్. నాన్న వేసేశారు. బ్యాంకు యాప్ తెరవమన్నాడు.

అమ్మ అప్పుడే పెరట్లోంచి వచ్చింది. ఫోన్‌లో ఎవడో "పిన్ కొట్టండి సార్" అంటున్నాడు. ఏం జరుగుతోందో ఆమెకు పూర్తిగా తెలియదు. నాన్న ఫోన్‌లో నెట్ ప్యాకు ఉండదు, ఇంటి వైఫైయే అని మాత్రం తెలుసు. నేరుగా వెళ్లి రౌటరు గోడ స్విచ్చి ఆపేసింది.

అవతలివాడికి తెర కనపడకుండా పోయింది, పైసా పోలేదు. తర్వాత నేను ఫోన్‌లోనే ఆ యాప్ తీయించి, బ్యాంకు పిన్ను మార్పించాను. 1930కి కూడా చెప్పించాను. డబ్బు పోయినా, పోబోయినా సైబర్ మోసాలకు పిలవాల్సిన నంబరు అదే. నాన్న రెండు రోజులు ఎవరితో సరిగ్గా మాట్లాడలేదు. ముప్పై ఐదేళ్లు సొసైటీ లెక్కలు రాసిన మనిషి.

నోటుబుక్కులో కొత్త పేజీ, ఒక్కో పరికరానికీ పెట్టె మీదో, బిల్లు మీదో అచ్చయిన సపోర్టు నంబరు. లావు స్కెచ్‌పెన్‌తో రాసి, టీవీ నంబరు టీవీ వెనకే అంటించాను. నా బ్యాగులో రౌటరు కోసం తెచ్చిన చిన్న డీసీ యూపీఎస్ ఉంది, పద్నాలుగు వందలు. బిగించబోతుంటే అమ్మ అడిగింది.

"ఇది పెడితే ఆ స్విచ్చి ఆపినా నెట్ ఆగదు కదా?"

ఆగదు. నాలుగు గంటలు నడుస్తుంది. నాకు తట్టనే లేదు. బిగించకుండా వెనక్కి తెచ్చుకున్నాను.

సెప్టెంబరు 14

యూపీఎస్‌కూ రౌటరుకూ మధ్య డీసీ వైరులో ఒక రాకర్ స్విచ్చి వేసి, ఎర్ర రంగు టేపు చుట్టి, గోడకు అమ్మ చేతి ఎత్తులో బిగించాను. అమ్మ రెండుసార్లు వేసి తీసి చూసుకుంది.

స్పీకరు సంగతి త్వరగా తేలిపోయింది. మా ఇంట్లోదానికి మన దేశంలో ఇంగ్లీషు, హిందీ వచ్చు, తెలుగు రాదు. "మోటర్ ఆన్" అని అమ్మకు నేర్పాలని తమ్ముడి పట్టుదల. అమ్మ దాని ముందు నిలబడి, "ఏటే, ఇనపడ్డంలేదా నీకు?" అంది. అది ఏదో ఊరి వాతావరణం చెప్పింది. వంటగది గుమ్మం పక్కన జిగ్బీ బటన్ ఒకటి అంటించి "మోటారు" అని స్టిక్కరు వేశాను. స్పీకరుకు భక్తి పాటలు, టైము చెప్పడం.

పాత ప్లగ్గుల్లో ఒకటి పోతే మ్యాటర్ గుర్తున్నది కొన్నాను. 2022 అక్టోబరులో మొదటి వెర్షన్ వచ్చిన ఉమ్మడి ప్రమాణం అది. యాపిల్, గూగుల్, అమెజాన్, శాంసంగ్ అందరూ ఒకే భాషలో, ఇంటి లోపలే మాట్లాడాలని. మాట బాగుంది. మా రౌటరు ఐపీవీ6 అనే కొత్త రకం నెట్ చిరునామాలను ఆపి ఉంచింది, మ్యాటర్‌కు అదే ఊపిరి. దాన్ని తెరిచాక ప్లగ్గు కలిసింది. పదకొండు అంకెల జత కోడు ప్లగ్గు వెనక ఉంటుంది, గోడకు గుచ్చితే కనపడదు. ముందే నోటుబుక్కులోకి ఎక్కించాను.

కెమెరా టికెట్‌కు జవాబు వచ్చింది, మూడు నెలలకు. పాత ఖాతా తొలగించారు. ఓఎన్‌వీఐఎఫ్ అనే కెమెరాల ఉమ్మడి భాష తెలిసిన కెమెరా కాబట్టి నెలనెలా చందా కట్టకుండా రికార్డింగు ల్యాప్‌టాప్‌లోకే మళ్లించాను.

అక్టోబరు 7, మంగళవారం

పైడితల్లి అమ్మవారి సిరిమాను. అమ్మానాన్నలు విజయనగరం వచ్చారు. మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడి ఉండగా నాన్న ఫోన్ మోగింది, "ట్యాంకు అడుగంటింది". అక్కడి నుంచే నొక్కారు. కేబుల్ నెట్‌లో మనకంటూ సొంత చిరునామా ఉండదు, వందల ఇళ్లకు ఒకటే. అందుకని ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య బయటివాళ్లకు కనపడని వీపీఎన్ సొరంగం వేశాను. పక్కనున్నాయనకు నాన్న చూపించుకున్నారు కూడా.

అక్టోబరు 31

మొంథా తుఫాను 28 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. మాకు అంత దూరమైనా గాలి, వాన తగ్గలేదు. 27నే నాన్న ట్యాంకు నింపి ఉంచారు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు కొట్టినప్పటి నుంచి ఆయనకు ఆ అలవాటు. తుఫాను పేరు వినపడితే ముందు నీళ్లు, తర్వాత కొవ్వొత్తులు.

28 సాయంత్రం కరెంటు పోయింది, కాసేపటికి నెట్ పోయింది. ఇన్వర్టరు మర్నాడు మధ్యాహ్నం దాకా లాగింది. అప్పటిదాకా దీపాలు గోడ స్విచ్చులతో, వంటగది బటన్‌లతో మామూలుగానే. కెమెరా రికార్డు చేస్తూనే ఉంది. స్పీకరు మాత్రం అడిగినప్పుడల్లా ఇంటర్నెట్ లేదని ఇంగ్లీషులో చెప్పి ఊరుకుంది. 30 పొద్దున కరెంటు వచ్చింది, మోటారు తనంతట లేవలేదు, నాన్న బటన్ నొక్కారు, లేచింది.

గేటు దీపం దెబ్బతీసింది. సాయంత్రం ఆరింటికి వెలగాలి, వెలగలేదు. ఇవాళ ఫోన్‌లో నాన్న చెప్పగానే తప్పు తట్టింది. ఆ చిప్పు టైమును ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునేలా రాశాను. కరెంటు పోయి వచ్చాక దానికి గంట ఎంతో తెలియదు, అడుగుదామంటే నెట్ లేదు. అందరికీ సర్వర్ల మీద ఆధారపడొద్దని చెప్పి, గడియారాన్ని నేనే ఊరవతల పెట్టాను. ల్యాప్‌టాప్‌లో గడియారం ఎప్పుడూ ఉంది.

నవంబరు 9

చిప్పు టైము ల్యాప్‌టాప్ నుంచి తెచ్చుకునేలా మార్చాను. నెట్ వైరు పీకేసి, కరెంటు ఆపి వేసి చూశాను. ఆరింటికి వెలిగింది.

మోటారు కంపెనీ, 1915 ఫిర్యాదు తర్వాత, ముందు డిస్కౌంటు కూపను ఇస్తామంది. వద్దన్నాను. 1,400 రూపాయలు తిరిగి వేశారు. యూపీఎస్ ఖర్చుకు సరిపోయింది.

వంటగది బటన్ మీద స్టిక్కరు తడి చేతులకు ఊడిపోయింది. అమ్మ ఎర్ర నెయిల్ పాలిష్‌తో "మో" అని రాసుకుంది. పై ఫ్లోటు వైరును ఉడత కొరికింది, తీగ తెగింది. తెగితే కాయిల్ దారి తెగినట్టే కాబట్టి మోటారు లేవదు, ట్యాంకు పొర్లదు. అందాకా బాగానే ఉంది కానీ మూడు రోజుల నుంచి నీళ్లు పక్కింటి చిన్నాన్న గొట్టం నుంచి. మేస్త్రీ పెళ్లిపనుల మీద ఆమదాలవలస వెళ్లాడు, మంగళవారం వస్తానన్నాడు. అరంగుళం పీవీసీ పైపు పది అడుగులు కొని పెట్టాను, వైరు అందులోంచి తీయించాలి.